ఛీ అనడం రాని గుంపు

పోయిన వారం లోహితను మేకప్ గదిలో అద్దం ముందు కూర్చోబెట్టి, తలుపు చప్పుడైన చోట మనం ఆగిపోయాం. ఆ తలుపు తట్టింది పోలీసులూ కాదు, పాత ప్రేమికుడూ కాదు. షాట్ రెడీ అని చెప్పడానికి వచ్చిన అసిస్టెంటు డైరెక్టరు. వారమంతా గుండె చేత్తో పట్టుకుని కూర్చున్నవాళ్ళు నన్ను క్షమించాలి. భయపడాల్సింది తలుపు అవతల లేదు, అద్దంలోనే ఉంది.

లోహితది నడుము దాకా దిగే సొంత జుట్టు. దాన్ని తెల్లవారగానే గట్టిగా చుట్టి, పిన్నులు గుచ్చి, దాని మీద మగవాడి క్రాపు విగ్గు ఎక్కించారు. ఆ క్రాపు మీద మళ్ళీ పొడుగాటి జడ సవరం, చివర జడకుచ్చులు. జుట్టున్న మనిషికి జుట్టు లేనట్టు చూపించి, అది దాచడానికి మళ్ళీ జుట్టు పెట్టడం సినిమావాళ్ళకు తప్ప ఇంకెవరికి తోస్తుంది?

సినిమా పేరు 'జడకుచ్చు'. అందులో లోహిత సరళ అనే కుట్టుపని టీచరు. ఊళ్ళో ఆడపిల్లలు ఒకరి తర్వాత ఒకరు హత్యకు గురవుతుంటారు, ప్రతి శవం పక్కనా ఒక జడకుచ్చు దొరుకుతుంటుంది. చివరికి ఇన్‌స్పెక్టరు నడివీధిలో సరళ జడ పట్టి లాగుతాడు. జడ ఊడి వస్తుంది, కింద మగవాడి క్రాపు బయటపడుతుంది, చుట్టూ ఉన్న గుంపు 'ఛీ' అంటుంది. ఆ ఛీతో సినిమా ముగుస్తుంది.

లోహిత ట్రాన్స్ మహిళ. ఆ సంగతి తెలిసే ఆమెను తీసుకున్న డైరెక్టరు ధనంజయ, సరళ నిర్దోషి అని చెప్పి ఒప్పించాడు. అసలు క్లైమాక్సు ఏమిటో నిన్న సాయంత్రం చెప్పాడు. ఆమె వెళ్ళిపోతానంది. "వెళ్ళండి. మగవాడెవరికైనా చీర కట్టి ఆ షాట్ వెనక నుంచి తీసుకుంటాను. ఇప్పటిదాకా తీసినదాంట్లో మీ మొహం ఎలాగూ ఉంది కదా" అన్నాడతను నింపాదిగా. ఉంటే తన చేతులతో చేసినట్టు, పోతే తన మొహంతో జరిగినట్టు. ఎటు తిరిగినా ఆ ఛీ తన మీదే పడుతుంది.

అందుకే ఆమె ఒక షరతు పెట్టింది. "ఆ షాట్ చేస్తాను సార్. కానీ నిర్మాతగారు దగ్గరుండి చూడాల. చూసినాక నా మాట వినాల." నిర్మాత సెట్‌కి వచ్చే మనిషి కాదు గనుక ధనంజయ సరేనన్నాడు. కానీ పొద్దున్నే చిత్తూరు నుంచి తెల్ల కారు వచ్చి ఆగింది. అందులోంచి నిర్మాత, మామిడి గుజ్జు ఫ్యాక్టరీ పంకజాక్షి, చేతిలో టిఫిన్ క్యారియరుతో దిగింది.

చంద్రగిరి కోట కనబడే చోట వేసిన ఊరి వీధి సెట్‌లోకి లోహిత నడిచి వచ్చింది. మొహం నిండా పసుపు, నుదుట రూపాయంత బొట్టు, చెంప మీద రంగు రక్తం. తెలుగు సినిమాలో ఆడదాన్ని చూసి జడుసుకోవాలంటే ముందు ఆమెకు పసుపు పూయాలని ఎవరు కనిపెట్టారో గానీ, ధనంజయ దాన్ని తు.చ. తప్పకుండా పాటించాడు. గుంపులో నిలబడడానికి తిరుపతి, చంద్రగిరి చుట్టుపక్కల నుంచి జనాన్ని పిలిపించారు. వాళ్ళలో తన చిన్నప్పటి వీధిలో ఉండే గురవమ్మను చూసి లోహిత తల దించుకుంది.

ఇంటర్ చదివే రోజుల్లో తిరుపతిలో ఒక డబ్బింగు సినిమా చూసింది లోహిత. అప్పటికి ఆమె చొక్కా ప్యాంటులో ఉండేది. అందులోనూ హత్యలు చేసేవాడు చీర కట్టినవాడే. వాడి విగ్గు ఊడినప్పుడు హాలంతా ఈలలు, బూతులు. పక్కనున్న స్నేహితులకు అనుమానం రాకూడదని తనూ ఈల వేసింది. ఆ ఈల వేసిన నోరు ఇప్పటికీ చేదుగానే ఉంది.

ఇన్‌స్పెక్టరు వేషంలో ఉన్న హీరో రవిచంద్ర మీసం సవరించుకుంటూ వచ్చాడు. మంచి మనిషే. ఏ సినిమాలోనైనా ఒకే మీసాన్ని ఒకేలా తిప్పుతాడన్న మాట తప్ప అతని మీద పెద్దగా ఫిర్యాదులు లేవు.

"గుర్తుంది కదా, జడ ఊడగానే అందరూ ఛీ అనాలి. యాక్షన్!" అని అరిచాడు ధనంజయ.

రవిచంద్ర లాగాడు. సవరం ఊడి దుమ్ములో పడింది. లోహిత కళ్ళు మూసుకుని ఆ ఛీ కోసం కాచుకుంది.

ఛీ రాలేదు. "అయ్యయ్యో, సవరం కింద పడిందే! కాలు తగలనీకండప్పా!" అంటూ గుంపులోంచి ఒకతను పరుగెత్తుకొచ్చాడు. మునికుమార్ అని, ఆటో నడుపుతాడు. సవరం తీసి, దుమ్ము దులిపి, కళ్ళకద్దుకుని, అలవాటైన చేతులతో లోహిత తల మీద మళ్ళీ అమర్చాడు. "పిన్నుండాదా ఎవురికాడైనా?" అని వెనక్కి తిరిగి అడిగాడు. ఆడవాళ్ళు తమ జుట్టులోంచి పిన్నులు తీసి, అతని చేతికి అందించడానికి తోసుకుంటూ ముందుకొచ్చారు.

"కట్! ఎవరయ్యా నువ్వు? హంతకుడికి విగ్గు పెడతావేంటి?"

"సవరం జారిపోతే సూస్తా ఎట్ల ఉంటాం సార్? పోయిన జాతరలో నాది జారిపోతే ఎవురో తెలీని అత్త పెట్టి పంపించింది."

"నీదా?"

"నాదే సార్. గంగమ్మకి మొక్కుండాది. ఏటా కడతా."

ధనంజయది గోదావరి వైపు. కోట బాగుందని ఈ ఊరు ఎంచుకున్నాడు గానీ, ఊరి సంగతి అతనికి తెలియదు. తిరుపతి గంగమ్మ జాతరలో మగవాళ్ళు చీర కట్టి, సవరం పెట్టి, పూలు ముడుచుకుని గుడికి పోతారు. భార్యలు కుచ్చిళ్ళు సర్దుతారు, అక్కలు కాటుక దిద్దుతారు, వీధిలో ఎవరి సవరం జారినా దగ్గరున్నవాళ్ళు ఎత్తి పెడతారు. మొక్కు చెడకూడదని.

"ఇక్కడ ఇంకెవరెవరు చీర కట్టారు?" అని అడిగాడు ధనంజయ, అడగకూడని ప్రశ్న. గుంపులో మగవాళ్ళ చేతులు దాదాపు అన్నీ లేచాయి. లైట్లబ్బాయి చేయి కూడా లేచింది. రవిచంద్ర నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు.

"చూడండి, ఇది జాతర కాదు. వీడు చీర కట్టి ఊరిని మోసం చేశాడు. మీకు అసహ్యం వేయాలి."

"సంపినందుకు కోపం రావాల గానీ, సీర కట్టినందుకు అసయ్యం యాల సార్?" అంది గురవమ్మ.

ధనంజయ ఆ మాట వదిలేసి గుంపు చేత ఛీ అనిపించడం మొదలుపెట్టాడు. ఒకసారి నవ్వులతో వచ్చింది, ఒకసారి పిల్లల్ని మురిపెంగా కసిరినట్టు వచ్చింది. చివరికి మేకప్ మనిషిని పిలిచి, "సవరం గట్టిగా బిగించు. పీకితే చూసేవాడికి ఒళ్ళు జలదరించాలి" అన్నాడు. మేకప్ మనిషి సవరాన్ని క్రాపుకు గుచ్చాడు. ఆ బిగింపులో క్రాపు, సవరం ఒక్కటైపోయాయి.

రవిచంద్ర ఈసారి బలమంతా పెట్టి లాగాడు. సవరంతో పాటు క్రాపు కూడా ఊడి వచ్చింది. పిన్నులు చెదిరి దుమ్ములో పడ్డాయి. చుట్టి దాచిన లోహిత సొంత జుట్టు ఒక్కసారిగా విడిపోయి, మొహం మీద, భుజాల మీద, నడుము దాకా జారింది. తల భగ్గున మండింది. నటించాలన్న సంగతే మర్చిపోయి, నీళ్ళు తిరిగిన కళ్ళతో, పట్టరాని కోపంతో ఆమె తలెత్తి గుంపు వైపు చూసింది.

టీ కొట్టు సెట్‌లో ఉన్న బిందె ఎత్తుకుని గురవమ్మ ముందుకు వచ్చింది. వంగి, ఆ నీళ్ళు లోహిత పాదాల మీద పోసింది. జాతరలో వేషం ఇంటి ముందుకు వస్తే పోసినట్టే పోసి, రెండు చెంపలూ వేసుకుంది. మునికుమార్ చేతులు జోడించాడు. అతని పక్కవాడు, వెనక వరస, ఆడవాళ్ళు, అందరూ. కెమెరామన్ కట్ కోసం చూడలేదు, ధనంజయకు కట్ అనాలని తోచలేదు. కెమెరా నడుస్తూనే ఉంది.

వాళ్ళు మొక్కింది తనకు కాదు, తనలో కనబడిన గంగమ్మకని లోహితకు తెలుసు. కానీ ఆ గుంపులో ఒక్క కన్ను కూడా తనలో దొంగను చూడలేదు, మోసాన్ని చూడలేదు. ఇన్నేళ్ళు ఏ ఊరిని చూసి భయపడి తల దించుకు తిరిగిందో ఆ ఊరే కాళ్ళు కడిగింది. ఆమె నడివీధిలో నిలబడి భోరున ఏడ్చింది. దాచుకోవాలనిపించలేదు.

మానిటర్ ముందు పంకజాక్షి కళ్ళద్దాలు తుడుచుకుని, "ఇంకోసారి ఎయ్యప్పా" అంది. ఇంకోసారి వేశారు. మళ్ళీ అడిగింది.

"మేడమ్, ఇది పనికిరాదు" అన్నాడు ధనంజయ. "మనం తీస్తున్నది సీరియల్ కిల్లర్ హారర్. ఈ షాట్ పెడితే అమ్మోరు సినిమా అయిపోతుంది. హారర్ చూసేవాడు ఈ మొక్కులు చూడడు. అమ్మోరు సినిమాకు వచ్చే ఆడవాళ్ళు ఆ రక్తం చూడరు. దేని గీత దానికుంటుంది."

"ఆ మాట నిజమే. మా గుజ్జు డబ్బా మింద తోతాపురో బేనీషానో రాయకపోతే కొనేవాడు డబ్బా ముట్టుకోడు" అని పంకజాక్షి లోహిత వైపు తిరిగింది. "నువ్వేందో చెప్పాలన్న్యావంట గదమ్మా. చెప్పు. ఈ డబ్బా మింద ఏం రాయాల?"

లోహిత జుట్టు ముడి వేసుకోలేదు. అలాగే వచ్చి నిలబడింది.

"అక్కా, గంగమ్మ కథ ఏం కథ? కంటికి కనబడిన ఆడపిల్లనల్లా చెరిచే పాళెగాడు. వాణ్ణి చంపేదానికి అమ్మ పుట్టిందని తెల్సి దాక్కున్నాడు. అమ్మ రోజుకో వేషం ఏసుకోని వెతికింది, పట్టుకునింది, తల నరికింది. అది దెయ్యం కథనా, పోలీసు కథనా, భక్తి కథనా? మన ఊర్లో ఎవురూ అడగలేదు. అన్నీ ఒక్క కథలోనే పట్టినాయి. గీతలు గీసుకునింది సినిమావాళ్ళు."

"అవును గదా" అంది పంకజాక్షి.

"ఇంకోటి సూడక్కా. ఆ కథలో వేషం ఏసింది ఎవురు? చంపేవాడు కాదు, వాణ్ణి పట్టేది. ఈ హత్యల సినిమాల్లో మాత్రం ఎప్పుడూ చీర కట్టినోడే హంతకుడు. వాడు చంపినాడని కాదు, చీర కట్టినాడని జనం జడుసుకోవాల. ఆ సినిమాలు చూసి బయటికొచ్చినోళ్ళు బస్సులో నా పక్కన కూర్చోరు. సారు మన ఊరికొచ్చి మన కథనే తలకిందులుగా తీస్తా ఉండారు. గుంపుకు ఛీ అనడం రాకనా? కథ తప్పు కాబట్టి నోరు రాలేదు."

ధనంజయకు పౌరుషం వచ్చింది. "అయితే మిమ్మల్ని దేవతను చేసి హారతి ఇవ్వాలా?"

"వద్దు సార్. దెయ్యాన్ని చేసినా, దేవతని చేసినా మనుషుల్లోంచి తీసేసినట్టే. గుంపులో ఉండే అన్నలది వేషం, జాతర అయినాక విప్పేస్తారు. నాది వేషం కాదు, నేనే ఇది. సరళ కుట్టుపని టీచరు. ఆమె ఎవురో మొదటి సీన్‌లోనే ఊరందరికీ తెల్సుండాల. బయటపెట్టేదానికి ఆమె కాడ ఏమీ ఉండకూడదు. తన కాడ కుట్టు నేర్చుకునే పిల్లలు చచ్చిపోతా ఉంటే, చంపినోణ్ణి వెతుక్కుంటా పోతాది. అంతే."

"మరి చంపింది ఎవరు?" అన్నాడు రవిచంద్ర. క్రాపు, సవరం రెండూ ఇంకా అతని చేతిలోనే వేలాడుతున్నాయి.

"మీరే సార్" అంది లోహిత. "ఇన్‌స్పెక్టరు. ఏ ఇంటి తలుపు కొట్టినా తీస్తారు. ఎవురూ అనుమానపడరు."

హీరోను హంతకుడు అన్నందుకు ఎవరి ఉద్యోగం పోతుందోనని అందరూ బిగుసుకుపోయారు. రవిచంద్ర ఆలోచించాడు. ఎన్నో ఏళ్ళుగా ఒకే పక్కకు తిప్పుతున్న మీసాన్ని ఇంకో పక్కకు తిప్పి చూశాడు. "చచ్చేముందు నాకు పెద్ద డైలాగు ఉంటుందా?" అని అడిగాడు.

పంకజాక్షి నవ్వింది. ఆ నవ్వుతో గుంపంతా నవ్వింది. నవ్వనిది ధనంజయ ఒక్కడే. అతను మానిటర్ వైపు చూస్తూ ఏదో లెక్క కడుతున్నట్టు పెదవులు కదిపాడు. "ప్రతి శవం దగ్గరికీ ముందు వచ్చేది ఇన్‌స్పెక్టరే... జడకుచ్చు చూపించేదీ ఆయనే... ఇప్పటిదాకా తీసిన ఆయన షాట్లలో ఒక్కటి కూడా మార్చక్కర్లేదు!" అని గట్టిగా అనేశాడు. మొండివాడే గానీ మంచి కథ ఎదురైతే గుర్తుపట్టని మూర్ఖుడు కాదు. లోహిత దగ్గరికి వచ్చి, "నిన్న నేను మాట్లాడింది తప్పు" అన్నాడు. అందరూ వినేటట్టే అన్నాడు.

"జడ లాగే షాట్ తీసి పారెయ్యప్పా" అంది పంకజాక్షి. "డబ్బా మింద ఏం రాయాలనేది నేను సూసుకుంటా. తిన్నోళ్ళే చెప్తారు అది ఏం పండో."

గుంపులో చప్పట్లు మొదలయ్యాయి. మునికుమార్ వేసిన ఈలకు కోట మీది పావురాలు లేచాయి. లోహిత ఆ ఈల విని ఉలిక్కిపడలేదు. ఇంటర్ రోజుల్లో నోటికంటిన చేదు ఆ ఈలతో వదిలిపోయినట్టనిపించి, హాయిగా నవ్వింది.

ఇక్కడ ఆపేస్తే బాగుండేది. కానీ ధనంజయకు ఉత్సాహం వచ్చిందంటే ఆగే మనిషి కాదు. "దాక్కున్న పాళెగాణ్ణి గంగమ్మ ఏ వేషంలో వెళ్ళి బయటికి రప్పించింది?" అని గుంపును అడిగాడు.

"దొర వేషం సార్!" అన్నాడు మునికుమార్. "మగ వేషం. ఎవురో పెద్ద దొర వచ్చినాడనుకోని వాడు బయటికొచ్చినాడు, అమ్మ నరికేసింది."

"అదే క్లైమాక్సు! సరళ పై ఆఫీసరు వేషంలో వస్తుంది. ఖాకీ డ్రెస్సు, క్రాపు, మీసం. ఇన్‌స్పెక్టరు బయటికొచ్చి సెల్యూట్ కొడతాడు. అప్పుడు... కాస్ట్యూమ్స్! ఆ యూనిఫాం పట్రండి!"

ఇస్త్రీ మడత విప్పని ఖాకీ చొక్కా, ప్యాంటు, దాని మీద క్రాపు విగ్గు, దాని మీద అట్టకు అంటించిన మీసం. తెచ్చి లోహిత చేతుల్లో పెట్టారు. ఇల్లు వదిలిన రోజున విప్పి పారేసిన చొక్కా మళ్ళీ ఎన్నడూ ఒంటి మీద పడదని ఒట్టు పెట్టుకుంది. ఇందాక తనను గెలిపించిన గంగమ్మ కథే తిరిగొచ్చి తన చేతుల్లో ఇది పెట్టింది.

చిన్నప్పటి నుంచి తొడిగిన చొక్కాలన్నీ వేషమే. కాకపోతే అది వేషమని అప్పుడు ఎవరూ ఒప్పుకోలేదు. ఈ రోజు అడక్కుండానే ఊరు ఒప్పుకుంది. విప్పేయగలిగినప్పుడు వేషానికి భయపడడం ఎందుకు?

"ఏస్తాను సార్" అంది. "కానీ నా మీసం మేకప్ మనిషి దిద్దకూడదు. వేషం కట్టే చెయ్యి ఈ ఊర్లో ఒకటుండాది."

ఆ చెయ్యి మునిరామయ్యది. లోహిత నాయన. పసితనంలో ఆమెకు అమ్మవారు పోసి, బతకదని అందరూ అనుకున్నప్పుడు, బిడ్డ బతికితే ఏటా చీర కట్టి వస్తానని గంగమ్మకు మొక్కుకున్నాడు. బిడ్డ బతికింది. ఏటా కట్టాడు. వీధిలో ఎవరికి వేషం కట్టాలన్నా అతని దగ్గరికే వచ్చేవాళ్ళు. తన కోసం చీర కట్టిన ఆ మనిషే, తను చీర కట్టిన రోజున తలుపేశాడు. ఆ తలుపు ఇప్పటిదాకా తెరుచుకోలేదు.

గురవమ్మ బిందె కింద పెట్టింది. "మీ నాయన గేటు కాడనే ఉండాడమ్మే. పొద్దున్నించి. నేనే సెప్పి పిలుసుకొచ్చినా. లోపలికి రమ్మంటే, ఆ సినిమాలో నా బిడ్డని ఏం సేస్తారో తెల్సుకోని అప్పుడొస్తా అన్న్యాడు."

లోహిత ఖాకీ బట్టలు చేతి మీద వేసుకుని, జుట్టు విరబోసుకుని, పసుపు మొహంతోనే గేటు దాకా పరుగెత్తింది. మునిరామయ్య అటు తిరిగి నిలబడి ఉన్నాడు. చంకలో రంగుల రేకుపెట్టె. మనిషి సగమయ్యాడు. అడుగుల చప్పుడు విని, "ఎవురది?" అన్నాడు తిరక్కుండానే.

"నేను, నాయనా. లోహితని."

ఆ పేరు ఆమె నోట వినడం అతనికి అదే మొదటిసారి. నెమ్మదిగా తిరిగాడు. ఆమె మొహం వంక చూడబోయిన చూపు ఆమె చేతి మీద ఆగింది. ఖాకీ చొక్కా, ప్యాంటు, క్రాపు, మీసం.

"ఇదేందిది? నిన్ను మళ్ళా మొగోణ్ణి సేస్తా ఉండారా వీళ్ళు?"

"అది కాదు నాయనా, ఇది వేషం..."

వినిపించుకుంటే గదా. రేకుపెట్టె ఆమె చేతుల్లోకి నెట్టి, గేటు తోసుకుని లోపలికి నడిచాడు. గుంపు పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది. అవతల పంకజాక్షికి కొత్త క్లైమాక్సు వర్ణిస్తున్న ధనంజయ గాల్లో చేతులు అలాగే నిలిపి వెనక్కి తిరిగాడు. మునిరామయ్య నడివీధిలో ఆగి, పై పంచ నడుముకు బిగించి, కోట దాకా వినబడేటట్టు అడిగాడు.

"నా కూతురికి మీసం పెట్టమన్న మొగోడు ఎవుడప్పా ఈడ?"